ఆరుమందికి పెట్టిన స్పీకర్లు

మగ్గం విప్పేసిన ఇల్లు ఎంత మూగగా ఉంటుందో, ఆ చప్పుడులో పెరగనివాళ్ళకు చెప్పినా అర్థం కాదు. ఎమ్మిగనూరులో మా ఇంటి ముందు గదిలో రెండు మగ్గాలుండేవి. ఒకటి మా అన్నది, ఒకటి నాది. పొద్దస్తమానం టకటకా టకటకా. పోగు తెగితే కళ్ళతో చూసే పని లేదు, చప్పుడు మారితే తెలిసిపోయేది. నేత గిట్టుబాటు కాక అన్న పెళ్ళాంపిల్లలతో ఆదోనికి మారిపోయాడు. మరుసటేడు నేనూ మగ్గం విప్పేసి బజారులో బట్టల కొట్టులో కుదురుకున్నాను. నేసేటప్పుడు అన్న మగ్గం కింద కాళ్ళు దింపుకొని కూర్చునే గుంతను పూడ్చి బండలు పరిపించాను. నాది పూడ్చడానికి మాత్రం మనసొప్పలేదు. పెళ్ళి చేసుకోలేదు కాబట్టి ఇంట్లో మిగిలింది నేనూ, ఆ గుంతా.

సాయంత్రం కొట్టు నుంచి వచ్చి తాళం తీస్తే ఆ మౌనం మీద పడేది. నాకు భయం కాదు, కోపం వచ్చేది. గిన్నె కావాలని గట్టిగా పెట్టేవాణ్ణి, తలుపు దబాలున వేసేవాణ్ణి. ఫోనులో పాటలు పెట్టుకుంటే ఎవరో గోడవతల నుంచి పిసినారితనంగా పాడుతున్నట్టుండేది. ఇట్లా లాభం లేదని ఒక ఆదివారం బస్సెక్కి ఆదోనికి పోయాను, స్పీకర్లు తెచ్చుకుందామని.

అంగడిలో రంగు లైట్లు తిరిగేవి, రొమ్ము మీద గుద్దినట్టు మోగేవి బోలెడున్నాయి. నాకు నచ్చలేదు. ఒక మూలన సాదా చెక్క డబ్బాల జత ఉంది. అందులో తబలా మీద వేలు వేలు విడివిడిగా వినిపించింది. నాది నేతగాడి చెవి కదా, అవే కావాలన్నాను. అంగడాయన నలభై ఏళ్ళ మనిషి, ఇళ్ళకు వచ్చి అవి అమర్చేది కూడా ఆయనే. కాగితం తీసుకొని అడిగాడు.

"గది ఎంతుంటాదన్నా? ఎంతమంది కూచ్చోని ఇంటారు?"

"ఆరుమంది" అన్నాను.

అన్న, వదిన, ముగ్గురు పిల్లలు, నేను. ఏళ్ళ తరబడి ఎవరడిగినా చెప్పిన లెక్క అది, నోటికి అదే వచ్చింది. తప్పని వెంటనే తెలిసింది. దిద్దుకోవచ్చు. దిద్దుకోలేదు. ఒక్కడినే అంటే ఆయన ముఖంలో ఏం కనిపిస్తుందో నాకు బాగా తెలుసు, అది చూడటం ఇష్టం లేకపోయింది. ఆరుమందికి ఈ చిన్న డబ్బాల బలం చాలదని, డోలు దెబ్బలాంటి కింది శబ్దాల కోసం సబ్‌వూఫర్ అనే పెద్ద డబ్బా కూడా తీసుకోమన్నాడు. సరే అన్నాను.

ఆయన మా ఇంటికి వచ్చింది శ్రావణ సోమవారం. పక్కింటి వదిన దగ్గర ఐదు కుర్చీలు అడిగి తెచ్చి, ఇంట్లోది ఒకటి కలిపి వరసగా వేశాను. మావాళ్ళంతా ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనానికి పోయినారని చెప్పాను. నా బతుకులో అంత నాటకం ఎప్పుడూ ఆడలేదు.

"పిల్లోళ్ళు చిన్నోళ్ళాన్నా? ఈ పెద్ద డబ్బా నేల మీద ఉంటే వైరు కాళ్ళకి తగులుతాది."

"బో అల్లరప్పా. ఆ గుంతలో పెట్టేయ్."

"గుంతలోనా? గుబగుబమంటాదన్నా."

"మా ఇల్లు నాకు తెల్దా? పెట్టప్పా!"

పెట్టాడు. రెండు చిన్న డబ్బాలనూ కుర్చీల వరస ఈ చివరికొకటి, ఆ చివరికొకటి తిప్పాడు. పోతూపోతూ సబ్‌వూఫర్ వెనకనున్న క్రాస్‌ఓవర్ మర చూపించాడు. మరలో పెట్టిన అంకెకు కింది శబ్దాలు పెద్ద డబ్బాలోకి, పైవి చిన్న డబ్బాల్లోకి పోతాయట.

ఆ తర్వాత పక్షం రోజులు నేను పడిన తిప్పలు అన్నీ ఇన్నీ కావు. పాట పెడితే గుంత మొత్తం ఉరిమేది. మర పైకి తిప్పితే పాడే మనిషి గుంతలో పడి పిలుస్తున్నట్టుండేది. కిందికి తిప్పితే గొంతు పీలగా అయ్యేది, ఉరుము మాత్రం పోయేది కాదు. నడుమ కూర్చుంటే కుడిచెవికో పాట, ఎడమచెవికో పాట. పక్కింటి వదిన వచ్చి, "ఏమప్పో, మా గూట్లో గిన్నెలు వణుకుతాండాయి!" అని అరిచి, పనిలో పనిగా తన కుర్చీలు తీసుకుపోయింది.

అంగడికి ఫోన్ చేసి ఏం డబ్బాలిచ్చినారని నాలుగు తిట్టాను. ఆయన మళ్ళీ బండేసుకొని వచ్చాడు. గది మధ్యలో నిలబడి చుట్టూ చూశాడు. అందరూ పెళ్ళికి పోయినారని చెప్పబోయాను. నోరు రాలేదు.

"ఒక్కడినే ఉంటానప్పా" అన్నాను.

"తెల్సన్నా. ఆ పొద్దే సూసినా, దండెం మీద నీ బట్టలే ఉండె."

ఒళ్ళు మండింది. "తెల్సీ ఏమిటికి సెప్పలేదు?"

"నువ్వు ఆరుమందన్నావు. ఆరుమందికే పెట్టినా" అన్నాడు. ఆ మాటలో వెక్కిరింపు లేదు. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"యాడ కూచ్చుంటావో సూపించన్నా" అన్నాడు.

చూపించాను. ముప్పై ఏళ్ళు కూర్చున్న చోటే, గుంత అంచున. ఆయన పెద్ద డబ్బాను గుంతలోంచి పైకి లాగి గోడ పక్కన పెట్టాడు. అటకమీది నూలు కండె అడిగి తీసుకొని, నా ముక్కు దగ్గర నుంచి ఒక్కో స్పీకరుకు దారం పట్టి, రెండు దూరాలూ సమానం చేశాడు. డబ్బాలను నా ముఖానికి తిప్పాడు. మర ఎనభై దగ్గర ఆపి పాట పెట్టాడు.

పాడే మనిషి నా ఎదురుగా వచ్చి నిలబడింది. ఆమె ఊపిరి తీసుకోవడం వినిపించింది. రెండేళ్ళుగా ఆ గదిలో నాకంత దగ్గరగా ఎవరూ లేరు. ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆయన వైర్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు. ఆయన కూడా వినాలని నేను కాస్త పక్కకు జరిగాను. పాట ఒక వైపుకు ఒరిగిపోయింది.

"జరగొద్దన్నా. ఇది ఒక్కరికే కుదురుతాది" అన్నాడు.

పోయేటప్పుడు గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, "ఇంట్లోకి మనుషులొస్తే ఫోన్ చెయ్. వచ్చి మార్చిపోతా" అన్నాడు.

నంబరు రాసుకున్నాను. ఇంతవరకూ చేసే పని పడలేదు.