తెల్లోళ్ళ మీటింగుకు పాలమూరు ప్రయాణం

తప్పులు అందరూ చేస్తారు. తప్పును కూడా తగ్గింపు ధరకు కొన్నవాణ్ణి మాత్రం నల్గొండ మొత్తం మీద నేనొక్కణ్ణే. ఉత్తమ వంశ సంరక్షణ సమితిలో జీవిత సభ్యత్వం వెయ్యి నూట పదహారు రూపాయలు. ఫోన్లోనే బేరమాడి ఎనిమిది వందలకు దించాను. పాలమూరులో, అదే మహబూబ్‌నగర్‌లో, జరిగే సభకు ఆహ్వానం, ఒక పూట భోజనం అందులోనే. స్టీలు సామాన్ల దుకాణంలో గిన్నెల మధ్య పెరిగినవాణ్ణి కదా, ధర తగ్గిందంటే వస్తువేమిటో చూసే అలవాటు లేదు.

సభలో ముఖ్యోపన్యాసం ‘తెల్లజాతి ఆధిపత్య సంఘాల చరిత్ర - మనకు పాఠాలు’ అని ఆహ్వాన పత్రిక మీద ఉంది. అలాంటి వాళ్ళతో జాగ్రత్తగా ఉండాలని చెప్పే పాఠాలు కాబోలు అనుకున్నాను.

ఉదయం ఆరింటికి నల్గొండలో బస్సెక్కాను. టికెట్టు ఎనభై. ఏడున్నరకు దేవరకొండ. అక్కడ ఇడ్లీ, చాయ్ కలిపి డెబ్బై రూపాయలు. చట్నీ రెండోసారి అడిగితే వేస్తారు, మూడోసారి మొహం చూస్తారు. ఎనిమిదింటికి మహబూబ్‌నగర్ బస్సు దొరికింది. కిటికీ పక్కన కూర్చోవాలంటే వెనక తలుపు నుంచి ఎక్కండి.

నా పక్క సీట్లో ఒడిలో గాజుల పెట్టె పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుంది. పేరు హుస్సేన్‌బీ. నేను నూట యాభై ఇచ్చి టికెట్టు తీసుకుంటే, ఆమె ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుంది.

“నువ్వు పైసలిస్తున్నవ్, నేను ఫుకట్‌ల కూసున్న. సర్కారుకు నా మీదనే పావురం, గంత ప్రేమ సేటూ” అంది నవ్వుతూ.

“సేటునని ఎట్ల తెల్సింది ఖాలా?”

“చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నవ్ గద.”

కూతురింటికి వచ్చి తిరిగి మహబూబ్‌నగర్ వెళ్తోందట. అక్కడ గాజుల గల్లీ మూల మీద ఉన్న బండి ఆమెదే. “మా అత్త పెట్టిన జాగా. గా మూలకు ఎండ రాదు, వాన రాదు. గా జాగ లేకుంటే నాకు బువ్వ లేదు” అంది. పెళ్ళిళ్ళకు ఇళ్ళకు పోయి పెళ్ళికూతుళ్ళకు గాజులు ఎక్కించేదీ తనేనట.

కల్వకుర్తిలో బస్సు పది నిమిషాలు ఆగింది. నేనెక్కడికి పోతున్నానని అడిగింది. తెల్లజాతి, ఆధిపత్యం అని విడమరచి చెప్పే ఓపిక లేక “తెల్లోళ్ళ గొప్పతనం మీద మీటింగు” అన్నాను.

ఆమె ముఖం వెలిగిపోయింది. “తెల్లకార్డోళ్ళదా? యా అల్లా! కార్డుకు దరఖాస్తు పెట్టి రెండేండ్లాయె. మీటింగుల ఇస్తరా?”

పేదలకిచ్చే రేషన్ కార్డుకు మా వైపు వాడుక పేరు తెల్లకార్డు. కాదమ్మా అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని హాల్లో పదిమందిని నవ్వించదగ్గ జోకు చేతికి చిక్కింది, దారిలోనే దాన్ని పాడు చేసుకోవడం ఇష్టం లేకపోయింది. “ఏమో ఖాలా, ఇస్తే ఇస్తరు” అన్నాను. హాలెక్కడని అడిగితే అదీ చెప్పాను.

పదీ నలభైకి మహబూబ్‌నగర్‌లో దిగాను. ఆటో వాడు యాభై అన్నాడు, ముప్ఫైకి ఒప్పించాను. హాలు గుమ్మంలో బల్ల, బల్ల మీద స్టాంపు ప్యాడు, కాగితాలు. “ఈడ సంతకం పెట్టు సేటూ” అంది అక్కడి వలంటీరు పిల్ల. హాజరు పట్టీ అనుకుని పైన ఏం రాసుందో చూడకుండా పెట్టేశాను. మొదటి కాగితంలో మొదటి పేరు నాదే. తర్వాత సమితి కండువా రెండు వందల యాభై. బజారులో అరవై రూపాయల గుడ్డ. బయట కొన్నది చెల్లదట, తగ్గింపూ లేదట.

దాని మర్మం పదకొండున్నరకు ఉపన్యాసంలో తెలిసింది. కోటు వేసుకుని హైదరాబాదు నుంచి వచ్చిన వక్త అమెరికా చరిత్ర ఎత్తుకున్నాడు. అక్కడ బానిసలకు విముక్తి వచ్చాక, పాత యజమానులు ముసుగులు వేసుకుని రాత్రిళ్ళు నల్లవాళ్ళ ఇళ్ళ మీద పడ్డారు, ఓటుకు పోకుండా కొట్టారు, చంపారు. అది కొన్నాళ్ళకు అణిగింది. తర్వాతి తరంలో మళ్ళీ లేచినప్పుడు పద్ధతిగా లేచింది. సభ్యుణ్ణి చేర్పిస్తే చేర్పించినవాడికి కమీషను, ముసుగు అంగీ సంఘం దగ్గరే కొనాలి. చూస్తూ చూస్తూ చట్టసభల్లోకి, గవర్నర్ల కుర్చీల్లోకి వాళ్ళ మనుషులు చేరారు. ఇప్పుడు ముసుగులు తీసేసి టై కట్టుకుని ఫోన్లలో తిరుగుతున్నారు. ఇదంతా వక్త మన ఇంట్లో శుభకార్యంలాగా చెప్పాడు. నేను నా కండువా వంక చూసుకున్నాను. ద్వేషాన్ని గొలుసు వ్యాపారంగా అమ్మడం వందేళ్ళ కిందటే కనిపెట్టారన్నమాట. సరుకు నిల్వ ఉండదు, పాడవదు, గోడౌను కిరాయి లేదు.

ఊరుకోలేక లేచాను. “అయ్యా, ఆ తెల్లోళ్ళ లెక్కల మనం ఏ అరల ఉంటం?”

“మనం ఆర్యులం, వాళ్ళకు దాయాదులం” అన్నాడు.

చుట్టూ చూశాను. ముందు వరుస నుంచి వెనక వరుస దాకా అందరం ఇనప పెనం రంగులో మెరిసిపోతున్నాం. “మనకెర్కే సార్, వాళ్ళకెర్కనా?” అన్నాను. ఇద్దరు నవ్వారు, మిగతావాళ్ళు కూర్చోమన్నారు.

పన్నెండున్నరకు భోజనం. బాగుంది, తిన్నాను. ఒంటిగంటన్నరకు ముఖ్య అతిథి వచ్చాడు. రాబోయే ఎన్నికల్లో టికెట్టు ఆశిస్తున్న నాయకుడు. సమితి కార్యదర్శి గొంతు సవరించుకుని వినతిపత్రం చదివాడు. గాజుల గల్లీలో పరాయి మతం వాళ్ళ బండ్లన్నీ తీసేయించాలట, మూల మీది బండి మొదలుకొని. కింద ఆరు కాగితాల సంతకాలు. పేర్లు చదవడం నా పేరుతో మొదలుపెట్టాడు. పొద్దున నేను హాజరు పట్టీ అనుకున్నది ఇదే, ఆ మూల మీది బండి ఖాలాదే.

ఆరో కాగితంలో నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. అక్కడ వేలిముద్ర, గుండుసూదితో గుచ్చిన ఆధార్ జిరాక్సు. “హు... హుస్సేన్‌బీ?” అన్నాడు.

“హాజరున్న!” వెనక నుంచి కేక. ఆమె వచ్చి వేలిముద్ర వేసిందని అప్పుడే తెలిసింది. అతిథి వైపు చెయ్యి చూపించింది. “గీ సార్ను నేనెరుగుదు. ఈయన బిడ్డ పెండ్లికి మూడు డజన్లు ఎక్కించిన. నా కార్డు జర జల్ది ఇప్పించు సారూ!”

హాలంతా గొల్లుమంది. అతిథి మాత్రం నవ్వలేదు. తెలివైనవాడు. “వాళ్ళే ఒప్పుకున్నరంటే ఇంకా మంచిది. గా కాగితం పైన పెట్టుండ్రి” అన్నాడు.

నా జోకు ఎక్కడిదాకా వచ్చిందో అర్థమైంది. సభ్యత్వంతో పాటు ఇచ్చిన నిబంధనల పుస్తకం తీసి లేచాను. “కార్యదర్శి గారూ, నాలుగో నిబంధన చూడుండ్రి. శుద్ధ వంశస్తులే సంతకం పెట్టాలె. ఖాలా సంతకం చెల్లుతదంటే ఆమెకు కండువా కప్పి స్టేజీ మీద కూసుండబెట్టుండ్రి. చెల్లదంటే కాగితం మైలపడ్డట్టే. రెండిట్ల ఏదో ఒకటి జెప్పుండ్రి.”

కార్యదర్శి అతిథి వైపు చూశాడు, కండువాల పెట్టె వైపు చూశాడు. చివరికి శుద్ధి గెలిచింది. ఆరో కాగితం నాలుగు ముక్కలైంది.

బయట మెట్ల మీద హుస్సేన్‌బీకి అంతా చెప్పాను. కార్డుల సంగతి అబద్ధమని, తన బండి తీసేయమన్న కాగితం మీదే తను వేలు వేసిందని, అది చింపించానని.

“మొదలు నీ పేరే సదివిండు గద సేటూ?”

“అవును.”

“నాది సింపిచ్చినవ్. నీది ఉంచుకున్నవ్. మంచి బేరమే.”

నాయకుడి కారు దగ్గరికి పరుగెత్తాను. ఫైలు పట్టుకున్న అనుచరుణ్ణి బతిమాలి, పెన్ను అడిగి, నా పేరు మీద గీత కొట్టాను. అతను అడ్డు చెప్పలేదు.

“కొట్టేసుకో సేటూ. మా సార్ పేర్లు సదవడు, కాగితాలు లెక్కపెడ్తడు” అన్నాడు.

మూడింటికి గాజుల గల్లీకి వెళ్ళాను. మూల మీద నిజంగానే ఎండ లేదు. మా ఆవిడకు డజను మట్టిగాజులు అడిగాను. నూట ఇరవై అంది. అలవాటు చావక వంద అన్నాను. నూట యాభై అంది. ఇచ్చి వచ్చేశాను.

నాలుగింటి బస్సుకు బయల్దేరి, జడ్చర్ల దాటాక లెక్క రాసుకున్నాను. రానూపోనూ బస్సులు నాలుగు వందల అరవై. ఆటోలు అరవై. టిఫిన్, చాయ్ డెబ్బై. సభ్యత్వం ఎనిమిది వందలు. కండువా రెండు వందల యాభై. గాజులు నూట యాభై. మొత్తం వెయ్యిన్నీ ఏడు వందల తొంభై రూపాయలు. భోజనం ఉచితం. ఆరు కాగితాల్లో ఒకటి చింపించాను, ఐదు మునిసిపాలిటీకి పోతున్నాయి. వాటిలో మొదటిదాని మీద మొదటి పేరు కొట్టేసి ఉంది. కాగితం మాత్రం కాగితమే.