ఊపిరి వదిలి ఇచ్చిన కొలత

నా గుండెలో ఒక కవాటం గట్టిపడి సరిగా తెరుచుకోవడం లేదని నెల్లూరు డాక్టరు చెప్పిన మర్నాడే నేను కోవూరు గ్రంథాలయానికి వెళ్ళాను. అప్పటికే రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాను, ఒకసారి కుట్టుమిషను మీదే. ఆలస్యం చేస్తే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పారు. అయినా చదవకుండా ఏ పనీ చేసే అలవాటు నాకు లేదు. ఐదో తరగతితో బడి మానేసి దర్జీ పనిలో చేరినవాణ్ణి. తర్వాత నేర్చుకున్నదంతా ఆ గ్రంథాలయంలోనే, కాజాలు కుట్టే పని మా ఆవిడకు అప్పగించి నేర్చుకున్నదే.

శరీరశాస్త్రం పుస్తకాలు అక్కడ రెండున్నాయి. ఒకదానిలో గుండె బొమ్మ ఉన్న పేజీని నాకంటే ముందే ఎవరో చించుకుపోయారు. రెండోదాన్ని మూడు రోజుల్లో ముగించి, బొమ్మ నోటు పుస్తకంలో వేసుకుని, నాలుగు గదుల పేర్లూ నాలుగు కవాటాల పేర్లూ తడబడకుండా అప్పజెప్పే స్థితికి వచ్చాను. అంగడికి వచ్చినవాళ్ళకు జాకెట్టు ఎప్పుడిస్తానో చెప్పేముందు, రక్తం ఏ గదిలోంచి ఏ గదికి వెళుతుందో చెప్పేవాణ్ణి. జాకెట్టు సంగతి మాత్రం వాళ్ళు మళ్ళీ అడగాల్సి వచ్చేది.

చేయబోయేది ఏమిటో డాక్టరు వివరించారు. ఛాతీ కోయరు. తొడ మొదట్లో ఉన్న రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పైకి పంపి, మడిచిపెట్టిన కొత్త కవాటాన్ని పాతదాని లోపలే విప్పుతారు. పాత కోటుకు లోపలివైపు కొత్త అస్తరు వేసినట్టన్నమాట. దానికి ముందు సీటీ స్కానులో కొలత తీయాలన్నారు. కవాటాలు మూడు నాలుగు సైజుల్లో తయారై వస్తాయట.

ఆ మాట నాకు నచ్చలేదు. సైజుల్లో తయారై వచ్చే సరుకు వల్లే మా బజారులో ఆరుగురు దర్జీలం ఇద్దరమయ్యాం. ఇప్పుడు ఆ రెడీమేడు నా గుండెలోకే వస్తోంది. ఇంట్లో ఈ మాటంటే మా ఆవిడ, అట్టయితే నీది నువ్వే కుట్టుకో, రంజానుకన్నా అందిస్తావేమో చూద్దాం, అంది.

కొలతల విషయంలో నాకు ఒక నమ్మకం ఉంది. నలభై ఐదేళ్ళు టేపు పట్టినవాడిగా చెబుతున్నాను: టేపు ఒంటికి తగలగానే మనిషి అబద్ధమాడతాడు. ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాగి, ఛాతీ ఉబ్బిస్తాడు. ఆ కొలతతో కుడితే పెళ్ళిభోజనంలో బొత్తాం తెగి పప్పుచారులో పడుతుంది. అందుకని టేపు చుట్టాక నేను ఏదో ఒకటి అడుగుతాను. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా, అప్పుడు రాసుకుంటాను. జువ్వలదిన్నె నుంచి వచ్చే బోటు యజమాని ఒకాయనను డీజిలు ధర అడిగితే చాలు, పొట్ట దాని అసలు చోటికి వచ్చేసేది.

స్కాను గదిలో నన్ను బల్ల మీద పడుకోబెట్టి, స్కాను తీసే ఆమె జాగ్రత్తలు చెప్పింది. చేతి నరంలోకి మందు ఎక్కుతుంది, ఒళ్ళంతా వేడెక్కుతుంది, ఊపిరి బిగబట్టమన్నప్పుడు బిగబట్టాలి. వినగానే నాకు జాలి కలిగింది. ఇంత యంత్రం పెట్టుకుని, టేపు పట్టడంలో మొదటి పాఠం తెలియదు వీళ్ళకు. ఉబ్బిన ఛాతీకి కొలత తీస్తే కవాటం ఒక సైజు ఎక్కువ రాదా?

బిగబట్టమని మైకులో వినిపించింది. నేను బిగబట్టినట్టు ముఖం పెట్టి, మెల్లగా ఊపిరి వదిలాను. నిజమైన కొలత రావాలని, మీ వైపు వానలెట్టుండాయి భాయ్ అని నన్ను నేనే అడిగి, పెదవులు కదలకుండా జవాబు కూడా చెప్పుకున్నాను.

బొమ్మ చెదిరిపోయింది. ఊపిరి తీసుకున్నారా పెద్దాయనా అని ఆమె అడిగితే లేదన్నాను. కుట్టు తేడా వస్తే గుడ్డ మీదికి నెట్టడం మా వృత్తిలో అలవాటు. ఆ మందు మూత్రపిండాలకు బరువట, వారం ఆగి, రక్తపరీక్ష చేసి గాని మళ్ళీ స్కాను తీయరు. అంతటితో పోలేదు. డాక్టరు కాగితం చూసి, కాసేపు కూడా ఊపిరి పట్టలేకపోతున్నారంటే ముందు ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించాలి, అది తేలేదాకా కవాటం పని ఆపుదాం, అన్నారు.

బయటికి రాగానే మా ఆవిడ నన్ను గోడవార నిలబెట్టింది.

"నాతో పోట్లాడేటప్పుడు నీకు ఊపిరి యాడనుంచి వస్తుంది? లోపల ఏం చేసినావు?"

చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"మిషను మీద పడినప్పుడు నిన్ను లేపింది నేను. మూడోసారి నేను ఇంట్లో లేకపోతే? లోపలికి పొయ్యి డాక్టరుకు చెప్పు."

నా చొక్కా చెయ్యి పట్టుకుని ఆమే లోపలికి తీసుకుపోయింది. డాక్టరు అంతా విని, స్కాను ఆమెను పిలిపించి, ఆమెకు కూడా మొదటినుంచి చెప్పమన్నారు. చెప్పాను. స్కాను ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది, భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"బట్టలకు మీరు చెప్పింది నిజమే పెద్దాయనా" అన్నారు డాక్టరు. "కానీ ఊపిరి పీలిస్తే ఉబ్బేది ఛాతీ. మీ కవాటం సున్నం పట్టి రాయైపోయింది, అది ఉబ్బదు. ఊపిరి ఆపమనేది బొమ్మ కదలకుండా ఉండటానికి."

ఇది ఆ రెండు పుస్తకాల్లోనూ లేదు. బిగుతుగా కూర్చోబెడతారా, వదులుగానా అని అడిగాను. రంధ్రం కంటే కొంచెం పెద్దదే పెడతారట, జారిపోకుండా అదే పట్టుకుని ఉంటుందట. తర్వాత ఆయన బల్ల సొరుగులోంచి ఒక నమూనా కవాటం తీసి నా చేతిలో పెట్టారు. లోహపు జల్లెడ లాంటి చిన్న చట్రం, లోపల పశువు గుండెపొరతో చేసిన మూడు రేకులు. కళ్ళజోడు సవరించుకుని తప్పు పట్టడానికే చూశాను. చట్రం చుట్టూ కుట్లు. చేతి కుట్లు, ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడా లేదు. భూతద్దాల కింద పెట్టి ఆడవాళ్ళు కుడతారని డాక్టరు చెప్పారు. తిప్పి తిప్పి చూసి మా ఆవిడకిచ్చాను.

ఆమె అంచు మీద గోరు నడిపి చూసింది. "ఇంత ఓపిక నాకు లేదు" అంది. ఆమె నోటి నుంచి మరొకరి పనికి ఇంతకంటే పెద్ద మెప్పు నేను వినలేదు.

వారం తర్వాత మళ్ళీ అదే బల్ల, అదే వేడి. బిగబట్టమన్నారు, బిగబట్టాను. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది. ఇక వదలమని మైకులో ఒకసారి చెబితే నమ్మలేదు, రెండోసారి చెప్పాక వదిలాను. బొమ్మ తేటగా వచ్చింది. ఊపిరితిత్తుల డాక్టరు అక్కర్లేదన్నారు. మంగళవారం వచ్చి చేరమన్నారు.

బస్సు పెన్న వంతెన ఎక్కాక మా ఆవిడ ఎంత సైజని అడిగింది. ఇరవై ఆరన్నాను.

"ఇరవై ఆరా? చిన్నపిల్లల చొక్కా గదా అది?"

అంగుళాలు కాదు, మిల్లీమీటర్లని చెప్పాను. అంటే ఎంత అంది. ఆమె బొటనవేలూ చూపుడువేలూ పట్టుకుని గుండ్రంగా కలిపి, కొంచెం దగ్గరికి జరిపి, ఇంత అన్నాను. నేను చెయ్యి తీసేసినా ఆమె ఆ వేళ్ళు విప్పలేదు. కోవూరులో దిగేదాకా ఒళ్ళో అట్లాగే పెట్టుకుని కూర్చుంది.