వెలుతురు కొలిచే కుళ్లాయప్ప

కొందరు ఏ ఇంటికి పోయినా ముందు మంచినీళ్లు అడుగుతారు. మా కుళ్లాయప్పన్న ముందు వెలుతురు కొలుస్తాడు.

బత్తలపల్లెలో ఆయనది ఎల్‌ఈడీ దీపాల అంగడి. పక్కనే నాది ఫోటో స్టూడియో. 2017లో ఆయన బెంగుళూరు నుంచి అరచేతిలో పట్టే మీటరొకటి తెచ్చుకున్నాడు. దానికొక వైరు, వైరు కొసన తెల్లటి గుండ్రటి కన్ను. కన్నుమీద ఎంత వెలుతురు పడితే అంత అంకె మీటరులో కనబడుతుంది. ఆ కొలతను లక్స్ అంటారు. ఆ రోజునుంచి ఊళ్లో మాకెవరికీ మనశ్శాంతి లేదు.

హోటల్లో దోసె తెచ్చిపెడితే, తినకుండా దాని పక్కన కన్ను పెట్టేవాడు.

"నూటాపది. ఏమప్పా వీరప్పా, ఈ వెలుతురులో చట్నీలో ఏం పడిండాదో ఎట్ల కనబడతాది?"

"కనబడకూడదనే కదన్నా చిన్న బల్బు పెట్టింది!" అనేవాడు హోటలు వీరప్ప.

ఒక పెండ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు పెండ్లికూతురి చెంప పక్కన మీటరు పెట్టాడు. పురోహితుడు మంత్రం ఆపేశాడు.

"మీరు కానీండి స్వామీ. నాలుగొందల పన్నెండు. పాప మొగం బాగా కనబడతాండాది."

తాళి ఫోటోలో తాళికి బదులు ఆయన చెయ్యి పడింది. తిట్లు తిన్నది మాత్రం నేను.

అంకె విషయంలో ఆయన హరిశ్చంద్రుడు. ఒకసారి నేను మూడొందలంటే, కాదు రెండొందల తొంభై ఎనిమిదని కొట్లాటకు దిగి, మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మీటరైనా తప్పు చెప్తుందేమో గానీ కుళ్లాయప్ప చెప్పడని ఊరంతా నమ్మేది.

అలాంటి మనిషికి ఒక మధ్యాహ్నం అంజనమ్మ ఇంటినుంచి పిలుపొచ్చింది. నా అంగట్లో ఈగలు తోలుకోవడం తప్ప పనిలేదు కాబట్టి నేనూ వెంటపడ్డాను.

అంజనమ్మకు అరవై దాటాయి. పట్టుచీర నేయడంలో ఆమె చేతికి తిరుగులేదు. అయితే వరసగా రెండు చీరల అంచుల్లో పోగులు తప్పాయి. పట్టు ఇచ్చి నేయించుకునే తిప్పేస్వామి వచ్చి కూర్చుని ఉన్నాడు.

"కండ్లు పోయినాయి నీకు. ఇంక మగ్గం ఆపెయ్యి" అంటున్నాడు.

"కండ్లు కాదప్పా, దీపమే సరిగ్గా లేదు" అంటోంది ఆమె. ఆ దీపం కుళ్లాయప్ప అమ్మిందే.

మగ్గమున్న గదికి కిటికీ లేదు. పట్టపగలు కూడా దీపం ఉండాల్సిందే. కుళ్లాయప్ప మగ్గంమీది చీర అంచున మీటరు కన్ను పెట్టాడు.

"మగ్గానికి ఎంత కావల్ల?" అడిగాడు తిప్పేస్వామి.

"రెండొందల యాభై ఉంటే చాలు."

"ఈడ ఎంత ఉండాది?"

నలభై ఏండ్లుగా ఆ ఇంటికి అన్నం పెడుతున్న మగ్గం ఇక ఆడాలో ఆగాలో ఆ అంకె చెప్పాలి. నేను ఆయన భుజంమీదుగా మీటరులోకి తొంగిచూశాను. రెండొందల ఎనభై. కావలసినదానికన్నా ముప్పై ఎక్కువే.

"ఎనభై" అన్నాడు కుళ్లాయప్ప, మీటరు ఆపేసి జేబులో వేసుకుంటూ.

"ఎనభైయేనా?"

"ఎనభై. ఈ దీపాలు వాడేకొద్దీ మనకు తెలీకుండానే మసకబారతాయి. తప్పు దీపానిది, దాన్ని అమ్మిన నాది. ఆమెనేం అనొద్దు. ఇంకో రెండు నేనే తెచ్చి పెడతా."

"నువ్వే చెప్పినాక ఇంక మాట్లాడేదేముండాది" అని లేచాడు తిప్పేస్వామి. "నేయి అంజనమ్మా."

మూడు దీపాల కింద నేసిన తర్వాతి చీరను తిప్పేస్వామి ఎండలో పరచి అంగుళం అంగుళం వెతికాడు. ఒక్క పోగు తప్పలేదు. మరుసటి చీరకూ పట్టు పంపాడు. ఆ కబురు వినగానే నేను కుళ్లాయప్పను పట్టుకున్నాను.

"అన్నా, ఆ పొద్దు మీటరులో రెండొందల ఎనభై ఉండె. నా కండ్లతో చూసినా."

"అరవై ఏండ్ల కంటికి, పడుచోళ్ల కంటికన్నా రెండింతలు వెలుతురు కావల్లప్పా. ఆ మాట ఆడ చెప్తే ఆయప్ప మళ్లా కండ్లనే పట్టుకుంటాడు."

ఆ మనిషిమీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. అయినా దొరికినప్పుడు వదలకూడదు కదా.

"అయితే అబద్ధం చెప్పినావన్నమాట!"

కుళ్లాయప్పకు రోషం ముంచుకొచ్చింది.

"నేనా? ఎనభైకి ముందరుండే రెండు అంకె నాకు కనబడలేదు. ఆ గదిలో వెలుతురు యాడుండాదప్పా!"