హనుమండ్లు కాక రెండో దారి

మా హనుమండ్లు కాక ఎక్కడికి పోయినా ముందుగాల అడిగే మాట ఒక్కటే: "రెండో దారి ఎటు దిక్కున్నది?"

తప్పు ఆయనది గాదు. ముప్ఫై ఆరేండ్లు బొగ్గుబాయిల పని జేసిండు. బాయికి రెండు దారులు లేకపోతే మనిషిని లోపటికి దింపరు. ఒకటి కూలితే ఇంకోదాంట్లకెళ్ళి బయటపడాలె గద. రిటైరయి నస్పూర్ల ఇల్లు గట్టుకున్నడు గని, గా ఫికర్ మాత్రం రిటైర్ గాలే.

మంచిర్యాలల సినిమాకు తీస్కపోతే, పేర్లు పడుతుండంగనే లేచి ఎనుక తలుపు గుంజి జూసిండు. తాళమేసున్నది. ఇగ వాచ్‌మన్ తోని ఇంటర్వెల్ దాక పంచాయితి. "పెద్దమనిషీ, జర సినిమా జూడనియ్యి," అని జనం మొత్తుకుంటే, "మీ కోసమే గదరా అడుగుతున్న," అన్నడు. సొంతింటికి ఎనుక తలుపు పెట్టిచ్చిండు. తెరిస్తే పక్కింటి సుధాకర్ గోడ. గోడున్నది గదనే అంటే, నిచ్చెన దెచ్చి ఆనిచ్చిండు.

గసుంటి మనిషికి అరవై దాటినంక కంప్యూటర్ దొరికింది. ఒక్క కంప్యూటర్ల దాన్ని నడిపిచ్చే సిస్టంలు రెండు ఎక్కియ్యచ్చని ఫోన్ల వీడియోలు జూసి నేర్చుకున్నడు. కొన్నప్పుడు వచ్చిన సిస్టం ఒకటి, దాని పక్కపొంటి లినక్స్ ఒకటి. ఆన్ జేస్తే ఎటు పోతవని అడుగుతది, మనకు నచ్చిన దాంట్లకు పోవుడే. ఇగ కాకను పట్టతరమా? మా గల్లిల ఎవలింట్ల కంప్యూటర్ ఉన్నా, పెన్‌డ్రైవ్ జేబుల ఏసుకొని తయారు.

మా ఇంట్ల గూడ ఎక్కిచ్చిండు. ఆన్ జేసినప్పుడల్లా గా ప్రశ్న జూస్తే నాకు తిక్క లేస్తుండె. "కాకా, నీ బాయి నా కంప్యూటర్ల తవ్వకు. తీసెయ్యి," అన్న, జర గట్టిగనే. ఆయన మొకం చిన్నగ జేసుకొని, గంటసేపు దాని ముంగట కూసున్నడు. "ఇగ నీకు కనవడది కరుణాకర్," అని జెప్పి పోయిండు.

జులైల మా బిడ్డ సృజన ఇంజనీరింగ్ సీటుకు ఏ కాలేజీలు కావాల్నో ఆన్‌లైన్ల ఆప్షన్లు పెట్టుడుండె. ఆఖరు దినం, సాయంత్రం ఐదుకు బంద్. మూడు దినాలు కూసొని, అరవై కాలేజీల కోడ్ నంబర్లు వరుసగ రాసి కంప్యూటర్ల దాసింది. నాదైతే రోజూ ఒకటే పాట: "సీటు రాకపోతే నాకు మొకం జూపియ్యకు." పిల్ల అన్నం గూడ సరిగ్గ తింటలేకుండె.

నాలుగుంబావుకు కంప్యూటర్ ఆగిపోయి నీలం తెర పడ్డది. ఆపి ఆన్ జేసినం. మళ్ళ నీలం. మూడోసారి గూడ గంతే. ఇంటర్నెట్ సెంటర్ల ముప్ఫై మంది లైన్ల ఉన్నరట. ఫోన్ల పెడుదామంటే గా అరవై నంబర్లు ఎవలికి యాదికుంటయి?

"హనుమండ్లు మామకు ఫోన్ జెయ్యరాదు," అన్నది నా భార్య రమ.

"ఏ మొకం పెట్టుకొని జెయ్యాలె? నేనే గద తీసెయ్యమన్న."

రమ నా దిక్కు ఒక్క చూపు జూసి, తనే జేసింది.

కాక ఉరికొచ్చిండు. అంగి గుండీలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకున్నడు. అప్పటికి నాలుగున్నర.

"ఆన్ జెయ్యి బిడ్డా. కంపెనీ బొమ్మ పడి పోంగనే ఎస్కేప్ బటన్ ఒత్తు. ఒక్కసారే. రెండోసారి ఒత్తితే ఎటో పోతది."

ప్రతిదాంట్ల రెండు అడిగే మనిషి, ఒక్కటి చాలన్నది గదే మొదటిసారి. సృజన ఒత్తింది. తెర నల్లగయింది. కొద్దిసేపటికి తెల్లటి అక్షరాలు వచ్చినయి, ఎటు పోతవని అడుగుకుంట.

"కాకా, తీసేసిన అన్నవు గద?"

"కనవడది అన్న. తీసేసిన అనలే." తెర మీదికెళ్ళి కండ్లు తియ్యకుంటనే చెప్పిండు. "నువ్వు తిడితే పడత గని, పిల్ల సదువుకునే కంప్యూటర్, ఎట్ల తియ్యాలె?"

లినక్స్ తెరుచుకున్నది. ఖరాబైన సిస్టంల దాసిన ఫైళ్ళు గూడ దాంట్లకెళ్ళి కనవడుతున్నయి. కాక ఎతికి సృజన లిస్టు దొరికిచ్చిండు. ఆమె కోడ్లు కొట్టవట్టె, రమ గడియారం జూసి టైం చెప్పవట్టె. నలభై కోడ్లు అయ్యేసరికి టైం నాలుగు నలభై ఎనిమిది. నడుమ ఒకసారి నెట్ పోతే నా పానం పోయింది. నాలుగు యాభై ఏడుకు అరవయ్యోది పడ్డది. సేవ్ అయిందని తెర మీద వచ్చినంక నేను కుర్చీల కూలవడ్డ.

రమ ఛాయ్ తెచ్చింది. కాక గ్లాసు పట్టుకొని సృజన దిక్కు తిరిగిండు.

"బిడ్డా, గీ సీటు రాకపోతే ఏం జేస్తవ్?"

నాకు ఒళ్ళు మండింది. "జర మంచి మాట అనరాదా కాకా?"

"నిన్ను అడుగుతలే," అన్నడు మెల్లగ. "పిల్లను ఒక్క దారున్న బాయిల దింపినవ్ గదరా. నాకు భయమైతుంది."

సృజన తల వంచుకొని కూసున్నది. నాకు నిజంగ సిగ్గయింది.

"రాకపోతే డిగ్రీ జేస్తది," అన్న. "గదీ వద్దంటే ఇంట్ల ఉంటది. నా బిడ్డ నాకు మొకం జూపియ్యక ఏడికి పోతది?"

"నాకు మొదటిసంది బీఎస్సీ చెయ్యాలనే ఉండె బాపూ," అన్నది సృజన, కండ్లు తుడుసుకుంట.

"మరి మూడు దినాలు గా అరవై కాలేజీలు ఎందుకు రాసినవే?"

"నాకేం గావాల్నో నువ్వు అడగలే గద."

కాక ఛాయ్ తాగుడు ఆపి నా మొకం జూసుకుంట నవ్వవట్టె. రమ నవ్వింది. నేను గూడ నవ్విన, ఏం జెయ్యాలె మరి.