సత్యభామ లక్ష్ముడి రెండు తద్దినాలు

కూర్మనాథం మాస్టారికి ఉద్యోగం నుంచి విరామం దొరికింది గాని, నెల్లిమర్ల జనానికి ఆయన నుంచి దొరకలేదు. వందేళ్ల కిందట తూర్పు భాగవతంలో సత్యభామ వేషం కట్టి ఊళ్లకు ఊళ్లను వెర్రెత్తించిన లక్ష్ముడి జీవితచరిత్ర రాస్తానని బయలుదేరి, కనిపించిన ముసలివాళ్లందరి ప్రాణం తోడేస్తున్నాడు.

వేషగాళ్లకు తేదీలు ఎవడు రాసిపెట్టాడు, నా బొంద! అందుకని మాస్టారు ఒక ఉపాయం పట్టాడు. "మీ తాత ఎప్పుడు పోయాడు?" అంటే నోరు వెళ్లబెట్టేవాళ్లు కూడా, "తద్దినం ఎప్పుడు పెడతారు?" అంటే ఠక్కున తిథి చెప్పేస్తారు. తద్దినం అబద్ధమాడదని ఆయన నమ్మకం.

లక్ష్ముడి కూతురు నారాయణమ్మకి తొంభై ఆరేళ్లు. ఆవిడా అలాగే చెప్పింది.

"మార్గశిర బహుళ తదియ, బాబూ. అప్పుడు నాకు నాలుగేళ్లు. ఒరిస్సా పక్క ఆటకెళ్లినోడు గత్తరొచ్చి పోనాడని మేళమోళ్లు కబురెట్టినారు. శవాన్ని సూసినోళ్లు నేరు. ఎక్కడ తగలెట్టినారో ఆ సోటు కనిపెట్టు. నాను పోయేలోగా ఓపాలి దణ్ణమెట్టుకుంటాను."

ఆ చోటు వెతుక్కుంటూ మాస్టారు పాతపట్నం పోయాడు. అక్కడ శివాజీ అనే రైతు ఇంట్లో, గోడ మీద సత్యభామ వేషంలో లక్ష్ముడి ఫొటో. ఎడమచేతికి ఆరు వేళ్లు. అచ్చం నారాయణమ్మ చెయ్యే.

"మా తాతండి. యాభై నాలుగులో పోనాడు. వైశాఖ శుద్ధ దశమికి తద్దినం ఎడతాం" అన్నాడు శివాజీ.

మాస్టారు వేళ్లు మడిచి చూసుకున్నాడు. నెల్లిమర్లలో ముప్పై రెండు నుంచి పిండాలు పెడుతుంటే, ఈ మహానుభావుడు ఇక్కడ రెండో పెళ్లాం చేతి గారెలు తింటూ మరో ఇరవై రెండేళ్లు భేషుగ్గా బతికాడన్నమాట! "ఓరి నీ వేషాలో!" అన్నాడు పైకే. శివాజీ అప్పటికే టీ పెట్టించడానికి లోపలికి వెళ్లాడు గనక సరిపోయింది.

ఇంటికొచ్చాక నాలుగురోజులు ముసలావిడకి ముఖం చాటేశాడు. పుస్తకంలో దాచడానికి చెయ్యి రాదు, ఆవిడకి చెప్పడానికి నోరు రాదు. చివరికి వెళ్లి, కళ్లు మూసుకుని కక్కేశాడు. ఆవిడ పడీపడీ నవ్వింది.

"అయితే మా అన్న బతికున్నోడికి పిండాలెట్టినాడేటి! అన్నేళ్లే!"

నవ్వి నవ్వి ఆగింది. ముఖం మారిపోయింది.

"మా అమ్మ గురించి ఏటి రాసినావు? సదువు."

మాస్టారు కాగితాలు తిరగేశాడు. లక్ష్ముడి గజ్జెలు, జడ పొడుగు, తాగిన కల్లు, అన్నీ ఉన్నాయి. భార్య పేరు మాత్రం ఎక్కడా లేదు. తిథులన్నీ ఆరా తీసిన మనిషికి ఆ ముక్క అడగాలని తోచనే లేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇరవై రెండేళ్ల వయసుకే మా అమ్మ బొట్టు సెరిపీసినారు. గాజులు పగలగొట్టీసినారు. సచ్చేదాకా ఒక్క పేరంటానికి పిలిసినోళ్లు నేరు. ఆ సచ్చినోడు మాత్రం అక్కడ బొట్టెట్టుకుని, గాజులేసుకుని, జడనిండా పూలెట్టుకుని ఎగిరినాడు. మా అమ్మ పేరు కూర్మమ్మ. ముందు అది రాయి."