వైపరు కింద టిష్యూ పొట్లం

మొన్న ఆదివారం సింగపూరులో, బుకిట్ బటోక్‌లో మా ఇంటి దగ్గరున్న హాకర్ సెంటరుకి, అదే తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే చోటికి, భోజనానికి రమ్మని మా అమ్మాయిని పిలిచాం. ఏడో నెల కడుపుతో పాసిర్ రిస్ నుంచి, అంటే ఈ ద్వీపానికి ఆ చివర నుంచి ఈ చివరకి, రైలెక్కి వచ్చిందేమిటా అని నేను లోపల్లోపల గొణుక్కుంటుంటే, అది మాత్రం జనం మధ్యలోంచి చొరవగా వెళ్ళి, అప్పుడే ఖాళీ అయిన బల్ల మీద ఒక టిష్యూ పొట్లం పడేసి, "చోప్ చేసేశాను నాన్నా, యూ గో ఆర్డర్ లా," అంది. ఇక్కడివాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ, చోప్ చెయ్యడమంటే చోటు పట్టుకోవడం; బల్ల మీద టిష్యూ పొట్లం ఉందంటే ఆ చోటుకి ఎవరో వస్తారని అర్థం, ఎంత ఆకలితో ఉన్నవాడైనా దాన్ని జరిపి కూర్చోడు. ఆ పొట్లాన్ని చూసి మా ఆవిడ నా వైపు తిరిగి నవ్వింది. ఎందుకో అమ్మాయికి అర్థం కాలేదు, ఆ సంగతి జరిగేనాటికి అది ఇంకా పుట్టలేదు.

నేనప్పుడు వైమానిక దళంలో హెలికాప్టర్లు బాగుచేసే సార్జెంటుని. మన దేశంలో హెలికాప్టరు గట్టిగా రెండు చుట్లు తిరిగితే పొరుగుదేశం వచ్చేస్తుంది కాబట్టి మమ్మల్ని శిక్షణకి ఆస్ట్రేలియా పంపేవారు. అలా నాకు కుటుంబంతో సహా అక్కడొక చిన్న ఊళ్ళో ఉద్యోగం పడింది. చుట్టూ కనుచూపు మేర ఎండిన గడ్డి, ఇంటి ముందు రోడ్డు, ఆ రోడ్డు మీద బస్సు రాదు. ఆసుపత్రి పక్క ఊళ్ళో ఎక్కడో ఉంది. అంతకుముందు ఏడాది మాకొక బిడ్డ నిలవలేదు. మా ఆవిడకి మళ్ళీ ఆరో నెల వచ్చింది. సోమవారం నాడు నేను కొన్ని వారాల పాటు టెలిఫోను కూడా అందని చోటికి శిక్షణకి వెళ్ళాలి, ఆవిడ ఇంట్లో ఒక్కతే ఉండాలి. శనివారం తెల్లవారేసరికి మాకు తెలిసింది ఒక్కటే, ఈ రెండు రోజుల్లో ఎలాగైనా ఒక కారు కొనాలి.

మా ఆవిడ మలేషియాలో పెరాక్ వైపు తోటల్లో పుట్టిపెరిగిన తెలుగుపిల్ల, పెళ్ళయ్యాక సింగపూరు వచ్చింది. పెళ్ళికి ముందే తన తండ్రి లారీని తనే నడిపిన మనిషి. నేనా, హెలికాప్టరు విప్పి మళ్ళీ బిగించగలను గానీ జన్మలో సొంతానికి స్కూటరైనా కొన్నవాణ్ణి కాదు. మన దగ్గర కారుంచుకునే హక్కుకే కారంత ధర పెట్టాలి, అదీ పదేళ్ళకి తీరిపోతుంది, ఆ తర్వాత చాలా కార్లు తుక్కులోకే. ఆ లెక్క నా తలలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఊరి చివర ఒక ముసలావిడ ఇంటి ముందు అమ్మకానికి పెట్టిన తెల్ల కారు చూసి, బానెట్ ఎత్తి, కిందకి దూరి, ఎక్కడా వంక దొరక్క బయటికొచ్చాక కూడా, దాని వయసు పన్నెండేళ్ళని తెలియగానే నాకు మనసొప్పలేదు.

"మా నాయన లారీ నాకంటే పెద్దది, ఇంకా తిరుగుతానే ఉంది. మీకు కావలసింది బండా, దాని జాతకమా?" అంది మా ఆవిడ. నేను ఆలోచించుకుని వస్తామని ముసలావిడకి చెప్పి, మమ్మల్ని తీసుకొచ్చిన మిత్రుడి కారెక్కాను. మా ఆవిడ ఎక్కడానికి కాస్త ఆలస్యం చేసింది. కడుపుతో ఉన్న మనిషి కదా, నెమ్మదిగా వస్తోందనుకున్నాను.

ఇంటికొచ్చి టీ తాగుతుంటే మిత్రుడు మాటవరసకి అన్నాడు, ఆ కారుని పొద్దున మరెవరో కూడా అడిగి వెళ్ళారట. నేను కప్పు కింద పెట్టేశాను. మా ఆవిడ మాత్రం నింపాదిగా, "పరవాలేదులెండి, నేను చోప్ చేసే వచ్చాను. వైపరు కింద టిష్యూ పొట్లం పెట్టాను," అంది. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే భయమూ వేసింది. ఆ గడ్డిమైదానాల్లో టిష్యూ పొట్లానికి ఎవరు విలువిస్తారు? అదేమైనా హాకర్ సెంటరా?

వెంటనే వెనక్కి వెళ్ళాం. ఇంటి ముందు కారు లేదు. గడ్డి మీద టైర్ల జాడలు మాత్రం ఉన్నాయి. మా ఆవిడ కడుపు మీద చెయ్యి వేసుకుని అలా చూస్తూ నిలబడింది. పోయినేడు ఆసుపత్రి బల్ల మీద చూసిన ఆవిడ ముఖం మళ్ళీ చూశాను.

ఇంతలో తలుపు తీసుకుని ముసలావిడ వచ్చింది. రండి రండని మమ్మల్ని ఇంటి వెనక రేకుల షెడ్డుకి నడిపించింది. లోపల మా తెల్ల కారు, దాని అద్దం మీద వైపరు కింద పొట్లం పెట్టింది పెట్టినట్టే ఉన్నాయి. మేం వెళ్ళాక ఆ రెండోవాళ్ళు డబ్బుతో సహా వచ్చారట. ఆవిడకి చోప్ అంటే ఏం తెలుసు, కడుపుతో ఉన్న పిల్ల ఏదో మరిచిపోయింది, తప్పకుండా దానికోసం వస్తుంది, వచ్చి ఔనో కాదో చెప్పేదాకా బండి ఇవ్వనని వాళ్ళని పంపేసిందట. వానమబ్బు పట్టేసరికి కాగితాలు తడుస్తాయని, పొట్లం తియ్యకుండా, కారునే షెడ్డులో పెట్టిందట. నేను అక్కడే ఒక పీపా మీద కూలబడి పిచ్చివాడిలా నవ్వాను. అంత హాయి నాకు జీవితంలో మళ్ళీ ఎప్పుడూ కలగలేదు. వయసు మాట ఎత్తకుండా కొనేశాను.

ఆదివారమంతా మా ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆసుపత్రి దారి బాగా తెలిసేదాకా ఇటూ అటూ తిప్పింది. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఒక మోచెయ్యి కిటికీలో, నోట్లో ఏదో కూనిరాగం. సోమవారం నేను నిశ్చింతగా వెళ్ళాను. తర్వాత నెలలు నిండి నొప్పులు మొదలైనప్పుడూ నేను మరో శిక్షణలో ఉన్నాను. పక్కింటావిడని తోడు పెట్టుకుని తనే నడుపుకుంటూ వెళ్ళింది. నేను చేరేసరికి అమ్మాయి ఊయలలో ఉంది, కారు ఆసుపత్రి ముందు నీడలో ఉంది.

తిరిగొచ్చేటప్పుడు ఆ కారుని కొత్తగా వచ్చిన మరో జంటకి అమ్మేశాం. ఇక్కడికొచ్చాక మళ్ళీ కొనలేదు, ఆ అవసరమూ రాలేదు.

మొన్న భోజనాలయ్యాక, మళ్ళీ రైలు వద్దమ్మా అని నేను అంటుండగానే అమ్మాయి ఫోను మీద వేలు ఆడించింది, మేం చేతులు కడుక్కునేలోపు అద్దె కారొచ్చి నిలబడింది. పురిటికి వెళ్ళాల్సినప్పుడూ ఇంతేనట, "డోంట్ వర్రీ లా," అని నా భుజం తట్టింది. నిజమే, నా భయాలన్నీ తీరిపోయిన కాలమిది, అందుకు నాకు సంతోషమే. దాన్ని దింపి రావడానికి మేమూ ఎక్కాం. దారిలో డ్రైవరు బ్రేకు వెయ్యడం కాస్త ఆలస్యమైనప్పుడల్లా, వెనక సీట్లో నా పక్కన మా ఆవిడ కుడిపాదం, అక్కడే బ్రేకు ఉన్నట్టు, కింద పరిచిన చాపని గట్టిగా నొక్కుతోంది. ఇన్నేళ్ళలో ఆవిడని మళ్ళీ ఒక్కసారైనా స్టీరింగు ముందు కూర్చోబెట్టాలని నాకు తోచనేలేదు.