చింతగింజ రంగు పావడాలు

మా కుట్టు టీచరమ్మ పోయిందన్న కబురు నాకు గూడూరులో, నిమ్మకాయల బజారు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. చెప్పింది ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఇప్పుడు చంకలో బిడ్డ ఉంది. "మన రంగుల టీచరమ్మ పోయినారు టీచర్, వారమైంది. మీకు తెలీదా?" అన్నది. జ్వరంతో పడుకుందట, మళ్ళీ లేవలేదట.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఒకే ఇంట్లో చెరో వాటాలో ఏళ్ళ తరబడి కాపురమున్నవాళ్ళం. నాకొక కార్డు ముక్క రాయాలని ఆ బళ్ళో ఒక్కరికీ తోచలేదు. అదట్లా ఉంచండి, రంగుల టీచరమ్మేమిటి? ఆమె ఏమైనా ముచ్చటకు రంగులు వేసిందా? ఈ కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే మర్యాదగా నాలుగు మంచిమాటలు రాసి ఊరుకుంటానేమోనని ఇప్పుడే కూర్చుని రాస్తున్నాను.

ఈ గూడూరు కాదు, తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే మా బడి. ఎనిమిదో తరగతి దాకా ఉండేది, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదివేవాళ్ళు. నేను లెక్కల టీచరుగా కొత్తగా చేరేనాటికే ఆమె అక్కడ కుట్టూ చేతిపనీ నేర్పుతూ ఉంది. నాకంటే చాలా పెద్దది, అందుకని అక్కా అని పిలిచేదాన్ని. కుట్టు టీచరంటే బళ్ళో ఎవరికీ ఖాతరు లేదు. చొక్కా గుండీ ఊడిన రోజున మాత్రం హెడ్మాస్టరు గారికి సైతం ఆమె గుర్తుకొచ్చేది.

ఆమె చేతులు మొదటిసారి చూసినవాళ్ళు జంకేవాళ్ళు. గోళ్ళ సందుల్లో నలుపు, వేళ్ళ కొసలకు తుప్పు రంగు. ఒక పెళ్ళి పంక్తిలో పక్కన కూర్చున్నావిడ చేతులకేం జబ్బమ్మా అని ఆకు అవతలికి జరుపుకుంటే, జబ్బు కాదులే, కరక్కాయ మరక, నీ ఆకుకు అంటదు అని చెప్పి, పప్పు మారు వడ్డించుకుని తిన్నది.

మా వైపు దానిమ్మపండు కొనేది ఇంట్లో ఎవరైనా మంచాన పడితేనే. కాబట్టి ఊళ్ళో ఎవరికి ఒళ్ళు వెచ్చబడినా ఈమె సంచీ తీసుకుని బయలుదేరేది. మంచం పక్కన కూర్చుని బాగోగులు అడిగేది, గింజలు వలిచి పెట్టేది, వచ్చేటప్పుడు తొక్కలన్నీ రంగుకని సంచీలో వేసుకునేది. పలకరించడానికి వచ్చిందా తొక్కలకొచ్చిందా అని జనం నా దగ్గర మూతులు విరిచేవాళ్ళు. నాకు తల కొట్టేసినట్టయ్యేది. ఇంటికి పోయి ఆమె మీద ఎగిరితే, "రెండిటికీ పోయినా. ఏం, ఒక అడుగుతో రెండు పనులు చేసుకోకూడదా?" అనేది.

అసలు సంగతికి వస్తాను. ఆ బళ్ళో తెల్లబట్టలు పెట్టింది మా కరస్పాండెంటు గారు. ఊరికి పెద్ద రైతు, బడికి స్థలమిచ్చిన మనిషి. ఏదో పట్నంలో పిల్లలు తెల్లటి బట్టల్లో వరసగా నిలబడి ప్రార్థన చేయడం చూసి ముచ్చటపడి వచ్చి, మనకూ అట్లాగే కావాలన్నారు. ఆడపిల్లలకు తెల్ల పావడా, తెల్ల జాకెట్టు, ఓణీలు వేసే పెద్దపిల్లలకు తెల్ల ఓణీ. ఉప్పునీళ్ళ బావులున్న ఊళ్ళో, ఇసుకలో ఆడుకునే పిల్లలకు తెలుపు! ఉతికే తల్లులను అడిగారా అంటే, అడగలేదు.

నా ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. నేను బోర్డు మీద లెక్క వేసి ఇటు తిరిగేలోపు జవాబు చెప్పేది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పలకను వెనకవైపు పావడాకు అడ్డం పెట్టుకుని, గోడవారనే ఇంటి దారి పట్టింది. వెనక మగపిల్లలు ఒకళ్ళనొకళ్ళు పొడుచుకుని నవ్వుతున్నారు. నాకు విషయం అర్థమయ్యేలోపు కుట్టు గదిలోంచి ఈమె పరుగెత్తుకొచ్చింది. బల్ల మీద పరిచే దుప్పటి లాగి తెచ్చి, పిల్లకు చుట్టి, ఇంటిదాకా వెంట నడిచింది. తిరిగొచ్చేటప్పుడు ఆ మగపిల్లల చెవులు మెలిపెట్టి వచ్చింది.

మర్నాడు ఆ పిల్ల బడికి రాలేదు. తర్వాతా రాలేదు. నేను వాళ్ళింటికి పోయాను. తల్లి బియ్యం చెరుగుతూ ఉంది. "చదువొద్దని మేమంటిమా టీచరమ్మా? ఆ తెల్లబట్టల్తో ఎట్టా పంపేది? ఒకసారి నవ్వినారు, చాలు" అన్నది. ఆ వీధిలోనే అట్లా ఆగిపోయిన పిల్లల పేర్లు ఇంకొన్ని చెప్పింది. ఏడో తరగతి దాటేసరికి ఆడపిల్లలు తగ్గిపోతే పెళ్ళిళ్ళకనీ పొలం పనికనీ బళ్ళో అందరూ అనుకునేవాళ్ళు.

ఇంటికొచ్చి చెబితే కుట్టు టీచరమ్మ సూది పక్కన పెట్టింది. ఆమెకు ఇదంతా కొత్త కాదు. పావడా నల్లగా ఉంటే ఆ పిల్ల వస్తదా అని మాత్రం అడిగింది. రావచ్చన్నాను.

ఇద్దరం హెడ్మాస్టరు గారి దగ్గరికి పోయాం. ఆడపిల్లల పావడాలకు ముదురు రంగు పెట్టుకోనివ్వమని అడిగింది. ఎందుకన్నారాయన. మట్టి కనపడదు సార్ అన్నది. మట్టి కనపడాలనే గదమ్మా తెలుపు పెట్టింది, కనపడితేనే ఉతుక్కుంటారు అని ఆయన సంతకాల్లో పడ్డారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

వరండాలోకి రాగానే నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. బహిష్టు మరకలన్న అసలు మాట చెప్పకుండా మట్టీ మశానమూ అంటే ఆయనకెట్లా అర్థమవుతుందని. ఆమె నన్ను చెయ్యి పట్టుకుని బాదం చెట్టు కిందకి లాక్కుపోయింది.

"చెప్తే ఏమవుద్దో తెలుసా? రేపట్నించి ఆ మగ అయ్యవార్లందరూ ఏ పిల్ల యాడ కూర్చుందా, ఎట్టా లేచిందా అని చూస్తా ఉంటారు. చెప్పకుండా చేసేద్దాం."

నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆమె నోట్లో కరక్కాయ వేసినా నానేది. మా ఇద్దరికీ ఉన్న పేచీ అంతా ఇదే.

చేతిపని పీరియడులో ఏం నేర్పాలన్నది ఆమె ఇష్టం. రంగులద్దకం నేర్పుతానన్నది. ఎవరూ కాదనలేదు. ఇక మా ఇంటి పెరడు చూడాలి. పిల్లలు తెచ్చిన తెల్ల పావడాల గంజి పోయేదాకా ఉడకబెట్టడం, కరక్కాయ పొడి నీళ్ళలో నానేసి ఆరేయడం, దానిమ్మ తొక్కలూ తుమ్మచెక్కా కాచిన కషాయంలో ముంచడం. ఒక మూల కుండలో విరిగిన లాడాలు, బండిచక్రం ఇనప ముక్కలు, బెల్లం నీళ్ళు. ఆ ఇనుపనీళ్ళు పులిసి కంపు కొడుతుంటే నాకు అన్నం సహించేది కాదు. కరక్కాయ పట్టిన గుడ్డకు ఆ నీళ్ళు తగిలితే చాలు, కళ్ళ ముందే నలుపెక్కుతుంది. బావినీళ్ళు ఉప్పువని, అందరూ తిట్టుకుంటున్నా వినకుండా, ఇసుకలో చెలమ తవ్వి ఆ తీపి నీళ్ళే మోసుకురమ్మనేది. నేనూ మోశాను, లెక్కల టీచర్ని.

ఒకరోజు తీగ మీద ఆరేసిన నా కొత్త చీర మీద ఇనుపనీళ్ళు చిందాయి. నేను లబోదిబోమంటుంటే ఆమె తాపీగా, "మరక పోకపోతే బట్టనంతా మరక చేసేయాల. ఇంక మరకేదో బట్టేదో ఎవరికి తెలుస్తది?" అన్నది. ఆ చీరను కూడా కుండలో ముంచింది. నేను ఆమెతో మాట్లాడటం మానేశాను. ఆమె మాత్రం రోజూ మాట్లాడుతూనే ఉండేది, నేను పలికినా పలకకపోయినా.

మొదటి విడత పావడాలు కాటుక నలుపు వచ్చాయి. ఆమె ముఖం చూడాలి, పండగే. నెల తిరక్కముందే ఆ పావడాలు మడతల దగ్గర పీలికలై రావడం మొదలుపెట్టాయి. ఇనుము ఎక్కువైతే నూలును తినేస్తుందని అప్పుడు తెలిసింది. తల్లులు చినిగిన పావడాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడి ఏకరువు పెట్టారు. ఉన్నదీ పాడుచేస్తివే అని ఒకామె ముఖం మీదే అన్నది. కుట్టు టీచరు కాబట్టి ఆమెకు తప్పించుకునే దారి కూడా లేదు. ఆ పావడాలన్నిటికీ కూర్చుని మాసికలు వేసింది. తన పాత చీరలు కొన్ని వాటికిందే పోయాయి.

నలుపు ఆశ వదులుకుని, ఇనుపనీళ్ళు తగ్గించి, తుమ్మచెక్క పెంచింది. ముంచిన వెంటనే తీపి నీళ్ళలో జాడించడం, మళ్ళీ కషాయంలో వేయడం. రంగు అడిగితే రాదు, నానితే వస్తదని పిల్లలకు చెప్పేది. చివరికొచ్చిన రంగు చింతగింజ రంగు. గట్టిది. ఉతికినా పోలేదు, గుడ్డా చిరగలేదు.

మొదటి మంచి పావడా మడతపెట్టుకుని ఆమె పోయింది ఎవరింటికో వేరే చెప్పాలా? పలక అడ్డం పెట్టుకుని వెళ్ళిన ఆ పిల్ల ఇంటికే. అప్పటికే పిల్లకు సంగం దగ్గర సంబంధం ఖాయమైంది, తాంబూలాలు పుచ్చుకున్నారు. పావడా ఆ పిల్ల చేతిలో పెట్టి వచ్చి, పెరట్లో కుండల దగ్గర కూలబడింది. మొదటే ఇనుము తక్కువేసి ఉంటే ఒక నెల ముందు వచ్చుండేది, నెల ముందు వచ్చుంటే పిల్ల బళ్ళో ఉండేది అని ఏడ్చింది. ఆమె ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఏమని ఓదార్చను? లెక్క ఆమె తప్పు వేయలేదు.

మిగిలిన పిల్లలు మాత్రం నిలబడ్డారు. చేతిపనిలో వేసిన రంగని హెడ్మాస్టరు గారు చూసీచూడనట్టు వదిలేశారు. మరుసటేడు ఎనిమిదో తరగతిలో ఆడపిల్లలకు ఇంకో బెంచీ వేయించాల్సి వచ్చింది. ఆ బెంచీ చూసి సంతోషించినవాళ్ళం మేమిద్దరమే. మిగతావాళ్ళకు అది ఎందుకు వచ్చిందో తెలియదు. ఆటల పోటీలకు పక్క ఊరికి పోతే అక్కడి పిల్లలు చింతగింజలొచ్చాయని ఎగతాళి చేశారు. మా పిల్లలు ఏడుస్తూ వచ్చి ఈ రంగు వద్దు టీచర్ అన్నారు. ఎవరికోసం చేస్తే వాళ్ళకే వద్దు!

బడి వార్షికోత్సవానికి కరస్పాండెంటు గారు వచ్చారు. ప్రార్థనకు నిలబడిన వరసలో నడుము పైన తెలుపు, కింద చింతగింజ రంగు. ఆయన ముఖం మాడిపోయింది. ఇదెవరి నిర్వాకమన్నారు. హెడ్మాస్టరు గారు చూపుడువేలు ఆమె వైపు తిప్పారు. మాకెవరికీ విలువ లేదా, తెలుపెందుకు పెట్టినామో తెలుసా అని ఆయన అందరి ముందూ గద్దించారు. ఆమె చేతులు కొంగులో దాచుకోలేదు.

"అయ్యా, మీ ఇంట్లోనూ ఆడపిల్లలుండారు. ఇంటికి పోయి అమ్మగారిని అడగండి. ఆమె చెప్పినాక నన్ను తీసేయండి" అన్నది.

ఆయన, తనకోసం తెప్పించిన సోడా కూడా తాగకుండా వెళ్ళిపోయారు. ఇంట్లో అడిగారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఆమెను తీసేయలేదు, పావడాలకు సరేననలేదు. కాగితం మీద తెలుపు అట్లాగే ఉంది, పిల్లలు చింతగింజ రంగులోనే వచ్చారు. ఏటా భయం, ఏటా కరక్కాయలు. కొన్నేళ్ళకు ఆయనే ఏదో సభలో ముదురు నీలం మిల్లు గుడ్డ పావడాలు పెడుతున్నామని, అది తన ఆలోచనేనని ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది. నేను మండిపడితే, నీలం బాగుంటదిలే, తొక్కలకు తిరిగే బాధ తప్పింది నాకు అని నవ్వింది. అంత సులభంగా ఎట్లా వదిలేసిందో నాకిప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత నాకు గూడూరు బళ్ళో ఉద్యోగం దొరికింది, వచ్చేశాను.

కబురు తెలిసిన తర్వాత వచ్చిన ఆదివారం బళ్ళో సంతాప సభ అంటే పోయాను. వేదిక మీద ఆమె పసుపు రంగు అద్దిన జెండా గుడ్డ ఒకటి వేలాడదీశారు. మాట్లాడినవాళ్ళంతా ఆమె గొప్ప కళాకారిణి అన్నారు. ఒకాయన పువ్వుల నుంచి రంగులు తీసేదన్నాడు. పువ్వులట! ఇంకొకాయన, పిల్లల బట్టల విషయంలో కరస్పాండెంటు గారి ముందుచూపును కూడా ఈ సందర్భంగా మెచ్చుకున్నారు. నేను చెయ్యి ఎత్తాను. రెండు మాటలు చెబుతానన్నాను. హెడ్మాస్టరు గారు గడియారం చూసి, టైము లేదమ్మా, మౌనం పాటిద్దాం అన్నారు.

అక్కా, నువ్వు చెప్పొద్దన్నావు. నేను చెప్పేశాను. పత్రికలో అచ్చేసి మరీ చెప్పాను. కోప్పడితే కోప్పడు.

ఆ సభలో మౌనం పాటించడానికి అందరినీ లేవమన్నారు. వెనక, ఎనిమిదో తరగతి ఆడపిల్లలు నీలం పావడాల్లో రెండు వరసల నిండా కూర్చుని ఉన్నారు. అందరూ ఓణీలు వేసుకున్న పెద్దపిల్లలే, పక్కనే మగపిల్లలు. గబుక్కున లేచి నిలబడ్డారు. ఒక్కతీ చెయ్యి వెనక్కి పెట్టుకుని పావడా తడుముకోలేదు.